నాలుగు గెట్లు కొలిస్తే పొలం కొలిచినట్టు కాదు

మొన్న ఎండాకాలం సెలవుల్లో దేవరకొండ దగ్గర మా ఊరికి పోయినప్పుడు, మా పెదనాయిన నేను సంచి కింద పెట్టకముందే ఎరువుల బిల్లు ఒకటి నా చేతిలో పెట్టాడు. దాని వెనక బాల్‌పెన్నుతో నాలుగు అంకెలు రాసి ఉన్నాయి. 200, 340, 400, 260. మా పత్తి చెల్క, అంటే మెట్ట పొలం, నాలుగు గెట్ల పొడవులు, అడుగుల్లో.

"బిడ్డా, నువ్వు బడిల లెక్కలు చెప్తవు కదా, ఇది జర చూడు. నేనూ మీ చిన్నాయినా రెండుసార్లు టేపు పట్టినం. రెండెకరాల మీద రెండున్నర గుంటలు వస్తున్నది. పాస్‌బుక్కుల చూస్తే ఎకరం ముప్పై ఏడు గుంటలే ఉన్నది. అయిదున్నర గుంటలు ఏడ పోయినట్టు?"

అన్నదమ్ములిద్దరూ చెల్క పంచుకుందామనుకున్నారు. పంచుకునే ముందు కొలిచారు. కొలిచిన కాడి నుంచి ఇద్దరికీ నిద్ర లేదు. రికార్డులో ఎవరో తగ్గించి రాశారని పెదనాయిన అనుమానం. ఆ ముక్క పక్క చెల్కాయన తన పేరు మీద రాయించుకున్నాడని చిన్నాయిన అనుమానం.

వాళ్లు చేసిన లెక్క ఇది. ఎదురెదురు గెట్లు కూడి సగం చేశారు. 200, 400 కలిపితే 600, సగం 300. 340, 260 కలిపితే మళ్లీ 600, సగం 300. మూడు వందలు ఇంటు మూడు వందలు, 90,000 చదరపు అడుగులు. గుంటకు 1,089 చదరపు అడుగుల చొప్పున భాగిస్తే 82 గుంటల 64 పైసల వంతు. నలభై గుంటలు ఎకరం కాబట్టి రెండెకరాల రెండున్నర గుంటలు దాటింది. గుణకారంలో తప్పు లేదు, టేపు కూడా సరిగ్గానే పట్టారు. పట్టుకున్న పద్ధతే తప్పు. మా వైపు ఎన్నో ఊళ్లలో పొలం అంటే ఇప్పటికీ ఇట్లనే లెక్క కడతారు. అందుకే ఈ సంగతి వివరంగా రాయాలనిపించింది.

ముందు అసలు పొడవును వెడల్పుతో ఎందుకు గుణిస్తామో చూద్దాం. పిల్లలకు సూత్రం వస్తుంది గానీ, ఎందుకని అడిగితే చాలామంది ఆగిపోతారు. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదిలో తాండూరు బండలు పరుస్తున్నామనుకోండి. బండ రెండడుగుల చదరం. పొడవునా వరసకు ఆరు బండలు పడతాయి. అట్లాంటి వరసలు ఐదు. మొత్తం ముప్పై బండలు. ఒక్కో బండ నాలుగు చదరపు అడుగులు, కాబట్టి 120 చదరపు అడుగులు. వైశాల్యం అంటే ఇంతే. ఆ నేలను కప్పడానికి ఎన్ని చదరాలు కావాలో లెక్క పెట్టడం. ఒక్కో చదరం పెట్టి లెక్కించే బదులు వరసలో ఎన్ని, వరసలు ఎన్ని అని గుణిస్తున్నాం.

ఈ గుణకారం నడవాలంటే ఒక షరతు ఉంది. బండలు గోడకు ఆనుకుని నిండుగా కూర్చోవాలి. అంటే నాలుగు మూలలూ మేస్త్రీ మూలమట్టం పెడితే సరిగ్గా సరిపోయేవి కావాలి. మూల వంకరైతే బండ కోయాల్సిందే, వరసలు సమానంగా రావు. చెల్కకు మూలమట్టం పెట్టి ఎవరూ గెట్టు వేయరు. గుట్ట ఎట్ల వంగితే అట్ల, వాగు ఎట్ల తిరిగితే అట్ల గెట్లు వస్తాయి.

పెదనాయినకు ఇది చెప్పడానికి ఇంటి ముందు వేసి ఉన్న పాత మంచమే పనికొచ్చింది. నులక తీసేసి ఉంది, కోళ్లు వదులయ్యాయి. పట్టెలు ఆరడుగులు, మూడడుగులు. నిటారుగా ఉంచితే లోపలి చోటు 18 చదరపు అడుగులు. ఒక మూల పట్టుకుని పక్కకు నెట్టాను. మంచం వంగింది. పట్టెలు అవే, పొడవులు అవే, చుట్టూ టేపు పడితే అదే పద్ధెనిమిది అడుగులు. కానీ పొడుగు పట్టెల నడుమ సందు మూడడుగుల నుంచి రెండున్నరకు తగ్గింది. లోపలి చోటు పదిహేను చదరపు అడుగులే. ఇంకా నెడితే పది అవుతుంది, ఐదు అవుతుంది, చివరికి పట్టెలు ఒకదానికొకటి ఆనుకుని చోటే ఉండదు. పెదనాయిన తనే ముందుకొచ్చి మంచాన్ని అటూ ఇటూ నెట్టి చూశాడు. నాలుగు పట్టెల పొడవు తెలిసినంత మాత్రాన లోపల చోటెంతో తెలియదని ఆయనకు అక్కడే అర్థమైంది.

త్రిభుజం సంగతి వేరు. మూడు కర్రలు మూడు కొసల్లో మేకు కొట్టి చూడండి, ఎంత నెట్టినా కదలదు. మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం ఒక్కటే. ఇంటి పైకప్పుకు వాసాలు త్రికోణంగా కట్టేది అందుకే. నాలుగు భుజాల ఆకారాన్ని కదలకుండా చేయాలంటే మూల నుంచి మూలకు ఇంకొక కర్ర కొట్టాలి. పొలానికి కూడా ఆ ఐదో కర్ర కావాలి. కొలతల భాషలో దాన్ని కర్ణం అంటాం.

ఎదురెదురు గెట్ల సగటు పద్ధతి మా పెదనాయిన కనిపెట్టింది కాదు. ఈజిప్టులో ఎడ్ఫు గుడి గోడల మీద చెక్కిన భూముల లెక్కల్లో, రెండు వేల ఏళ్ల కిందటే, ఇదే పద్ధతి కనిపిస్తుంది. మన దేశంలో 628లో బ్రహ్మగుప్తుడు తన గ్రంథంలో దీన్ని చెప్పాడు, చెబుతూనే దానికి 'స్థూలం' అని పేరు పెట్టాడు. అంటే మోటు లెక్క. దాని వెంటనే 'సూక్ష్మం' అని ఇంకొక పద్ధతి ఇచ్చాడు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో ఉన్న మహావీరాచార్యుడు కూడా అట్లనే వ్యవహారానికి ఒక లెక్క, సూక్ష్మానికి ఒక లెక్క అని విడదీశాడు. ఆ రాజుల రాజధాని మాన్యఖేటం మనకు దూరమేమీ కాదు. తాండూరు వైపు నుంచి పారే కాగ్నా నది ఒడ్డునే ఉంది. మహావీరుడి గణితాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వైశాల్యానికి పాత మాట క్షేత్రఫలం. క్షేత్రం అంటే పొలమే. పొలం మాటే జ్యామితిలోకి వచ్చి కూర్చుంది. నాకు ఈ మాట వైశాల్యం కన్నా ఎక్కువ ఇష్టం.

మూలలు వంకరైతే స్థూల లెక్క ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. ఎందుకో మా చెల్క అంకెలతోనే చూపిస్తాను. రెండు భుజాలు తెలిసిన త్రిభుజం ఎంత పెద్దదైనా, ఆ రెండింటి గుణకారంలో సగం దాటదు. వాటి నడుమ మూల సరిగ్గా మట్టంగా, అంటే మూలమట్టానికి సరిపోయేట్టు ఉంటేనే ఆ సగం పూర్తిగా వస్తుంది. ఇప్పుడు చెల్కను కర్ణం మీద రెండు త్రిభుజాలు చేయండి. ఒకదానికి 200, 340 భుజాలు, ఇంకోదానికి 400, 260. మొదటిది 34,000 దాటదు, రెండోది 52,000 దాటదు. మొత్తం 86,000. రెండో కర్ణం మీద కోసినా ఇదే తీరు. 340, 400 ఒక వైపు, 260, 200 ఒక వైపు. హద్దు 68,000, 26,000 కలిపి 94,000. ఈ రెండు హద్దుల సగటు ఎంత? సరిగ్గా 90,000. అంటే స్థూల లెక్క చెప్పేది రెండు గరిష్ఠాల సగటు. నాలుగు మూలలూ మట్టంగా ఉంటే తప్ప అంత చోటు రాదు. అసలు మా చెల్క విషయంలో మొదటి హద్దు దగ్గరే, 86,000 దగ్గరే, 90,000 అబద్ధమని తేలిపోయింది.

బ్రహ్మగుప్తుడి సూక్ష్మ లెక్క ఇంకా బిగించి చెబుతుంది. నాలుగు భుజాలూ కూడి సగం చేస్తే 600. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 400, 260, 200, 340. ఈ నాలుగింటినీ గుణించి వర్గమూలం తీస్తే దాదాపు 84,095. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద కూర్చునే పొలానికి ఇది అసలు క్షేత్రఫలం. మిగతా పొలాలకు ఇది పై హద్దు. ఆ నాలుగు గెట్లతో మనిషి ఎంత తెలివిగా ఆకారం మార్చినా 84,095 చదరపు అడుగులు దాటించలేడు. అది 77 గుంటల చిల్లర. అంటే రెండెకరాలు అనే మాటకే వీలు లేదు. తెల్లారక ముందే, పొలానికి పోకముందే, కాగితం మీదే ఇంత తెలిసింది.

తెల్లారి ముగ్గురం టేపు పట్టుకుని పోయాం. మా చెల్కకు బాట వైపు రెండు మూలల్లో ఒకచోట వేపచెట్టు, ఒకచోట తాటిచెట్టు. వాటి నడుమ గెట్టు 260. వేపచెట్టు నుంచి గుట్ట మూలకు 200, గుట్ట మూల నుంచి వాగు మూలకు 340, వాగు మూల నుంచి తాటిచెట్టుకు 400. వేపచెట్టు నుంచి వాగు మూలకు అడ్డంగా తాడు గుంజి కట్టాం. కొలిస్తే 420 అడుగులు. అదే ఐదో కొలత.

అక్కడి నుంచి రెండు దారులు. తాడు నుంచి గుట్ట మూలకు, తాటిచెట్టుకు లంబాలు కొలవొచ్చు. లంబం పట్టడానికి పరికరం అక్కర్లేదు. టేపు సున్నా కొస మూల దగ్గర పట్టుకుని, రెండో కొసను తాడు వెంట జరుపుతూ పోతే ఒకచోట కొలత అన్నిటికన్నా తక్కువ వస్తుంది. అదే లంబం. చిన్నాయిన జరిపాడు, నేను చదివాను. 163, 161, 160, 161. అరవై దగ్గర ఆగాం. గుట్ట మూలకు 160, రెండో పక్క తాటిచెట్టుకు 240. కర్ణం 420ని లంబాల మొత్తం 400తో గుణించి సగం చేస్తే 84,000 చదరపు అడుగులు.

రెండో దారిలో లంబం కూడా వద్దు. త్రిభుజం మూడు భుజాలు కూడి సగం చేసి, ఆ సగంలోంచి ఒక్కో భుజం తీసేసి, వచ్చిన మూడింటినీ, ఆ సగాన్నీ గుణించి, వర్గమూలం తీయాలి. 200, 340, 420కి సగం 480. తీసివేతలు 280, 140, 60. ఫోన్‌లో కొడితే 33,600. అవతలి త్రిభుజం 50,400. కలిపితే మళ్లీ 84,000. రెండు దారులూ ఒకే చోట కలిస్తే టెన్షన్ పోతుంది. కలవకపోతే టేపు ఎక్కడో తప్పు చదివారని వెంటనే తెలుస్తుంది. అందుకే వీలైతే రెండూ చేయమంటాను.

84,000ని 1,089తో భాగిస్తే 77 గుంటలు, పైన కొంచెం. ఒక ఎకరం ముప్పై ఏడు గుంటలు. పాస్‌బుక్కులో ఉన్నది అదే. పెదనాయిన ఏమీ మాట్లాడలేదు. వేపచెట్టు కింద కూర్చుని బిల్లు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రికార్డు రాసినవాళ్ల మీద అన్నాళ్లూ పెట్టుకున్న కోపం గుర్తొచ్చి ఉంటుంది.

ఇదే నాలుగు గెట్లతో కర్ణం 420 కాక 300 ఉన్న పొలం కూడా ఉండొచ్చు. దాని క్షేత్రఫలం దాదాపు 68,800 చదరపు అడుగులు, ఎకరం ఇరవై మూడు గుంటలే. గెట్ల కొలతలు చూసి కొనేవాళ్లకు మా చెల్కకూ దానికీ తేడా కనిపించదు. ఎకరం నలభై లక్షలు అనుకుంటే గుంట లక్ష. పద్నాలుగు గుంటలు ఊరికే పోతాయి. కొనే ముందు అడ్డంగా ఒకసారి టేపు పట్టమని నేను అందరికీ చెప్పేది దీనికోసమే.

గుంట గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే సగం గొడవలు అక్కడే పుడతాయి. గుంట అంటే 33 అడుగుల చదరం, లేదా 11 గజాల చదరం. అందుకే 1,089 చదరపు అడుగులు, 121 చదరపు గజాలు. ఎకరం 43,560 చదరపు అడుగులు. ఆ వింత అంకె గొలుసుతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఆయన 66 అడుగుల గొలుసు వాడుకలోకి తెచ్చాడు. గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు ఉంటే ఎకరం. మన 33 అడుగులు దానిలో సరిగ్గా సగం.

పాస్‌బుక్కులో 1.37 అని ఉంటే అది దశాంశం కాదు. చుక్కకు ఇవతల ఎకరాలు, అవతల గుంటలు. నలభై నిండితే ఎకరం మారుతుంది. 1.25, 1.25 కలిపితే 2.50 రాదు, 3.10 వస్తుంది. కాల్కులేటర్‌కు ఈ సంగతి తెలియదు. రైతు భరోసా సీజన్‌కు ఎకరానికి 6,000 లెక్కన మా చెల్కకు ఎంత రావాలని ఊళ్లో ఒక పిల్లవాడు ఫోన్‌లో 6,000ని 1.37తో గుణించి 8,220 అన్నాడు. నిజానికి గుంటకు 150 చొప్పున 77 గుంటలకు 11,550. ఆంధ్ర వైపు సెంట్లలో ఈ చిక్కు లేదు. వంద సెంట్లు ఎకరం కాబట్టి అక్కడ చుక్క దశాంశమే. అటు నుంచి ఇటు వచ్చి భూమి కొనేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఇండ్ల ప్లాట్ల దగ్గర గజాలు. నోటితో 'రెండు వందల గజాలు' అన్నా అవి చదరపు గజాలు. గజానికి మూడడుగులైనా చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు. అంగుళాలు కూడా చూసుకోవాలి. 10 అడుగుల 6 అంగుళాలు అంటే పదిన్నర, 10.6 కాదు.

గుండ్రటి చోటు ఒకటి చెప్పి పంపకం దగ్గరికి వస్తాను. పాలమూరు వైపు పాత మోటబావులు పొలం నడుమ ఉంటాయి. బావి లోపలికి టేపు పట్టి వ్యాసం కొలవడం ప్రమాదం. ఒరల చుట్టూ తాడు తిప్పితే చాలు. చుట్టుకొలత 66 అడుగులు వస్తే, దాన్ని 22 బై 7తో భాగిస్తే వ్యాసం 21. సగం పదిన్నర. పదిన్నర ఇంటు పదిన్నర ఇంటు 22 బై 7 చేస్తే 346న్నర చదరపు అడుగులు. గుంటలో దాదాపు మూడో వంతు. వాగు వంక గెట్టయితే ఒక తిన్నని తాడు కట్టి, 33 అడుగులకొకచోట తాడు నుంచి వాగుదాకా కొలిచి, పక్కపక్క కొలతల సగటును 33తో గుణించుకుంటూ కూడుకోవాలి. ముక్కలు ఎంత చిన్నవైతే లెక్క అంత దగ్గరికి వస్తుంది. గుట్ట వాలు మీద టేపు నేలకు ఆనించి కొలవకండి. రికార్డులో ఉండేది పైనుంచి చూస్తే కనిపించే సమతల కొలత. టేపును మట్టంగా, మెట్లు మెట్లుగా పట్టుకుని దిగాలి.

ఇక పంపకం. ముందు వెడల్పు, వెనక ఇరుకు ఉన్న సింహముఖం ప్లాటును అన్నదమ్ములు పొడవు సగం చేసి అడ్డంగా కోసుకోవడం చూశాను. ముందు 120, వెనక 60, నడుమ లోతు 300 అనుకోండి. మొత్తం 27,000. లోతు సగంలో, 150 దగ్గర కోస్తే, అక్కడి వెడల్పు 90. ముందు ముక్క 15,750, వెనక ముక్క 11,250. నాలుగు గుంటల పైన తేడా. అదే ముందు 60 దగ్గర, వెనక 30 దగ్గర గుర్తు పెట్టి పొడవునా కోస్తే చెరి 13,500 చదరపు అడుగులు. ఇద్దరికీ రోడ్డు కూడా దక్కుతుంది.

మా చెల్కకు అట్లాంటి సులువు లేదు. వేపచెట్టు నుంచి వాగు మూలకు కట్టిన తాడే కొత్త గెట్టు చేద్దామన్నాడు చిన్నాయిన. అట్ల చేస్తే గుట్ట వైపు 33,600, తాటిచెట్టు వైపు 50,400. చెరి 42,000 రావాలి. అంటే గుట్ట వైపుకు 8,400 కలపాలి. అది తాటిచెట్టు వైపు త్రిభుజంలో సరిగ్గా ఆరో వంతు.

త్రిభుజాన్ని ఒక మూల నుంచి ఎదుటి భుజానికి గీత గీసి కోస్తే, ఆ భుజం ఏ వంతులో తెగుతుందో క్షేత్రఫలం కూడా అదే వంతులో తెగుతుంది. ఎత్తు ఇద్దరికీ ఒకటే కాబట్టి. అందుకని తాడును వాగు మూల దగ్గర కదలనీయకుండా ఉంచి, వేపచెట్టు దగ్గరి కొసను బాట వెంట తాటిచెట్టు వైపు జరిపాం. బాట గెట్టు 260లో ఆరో వంతు 43 అడుగుల 4 అంగుళాలు. అక్కడ చిన్నాయిన గడ్డపారతో గుంత తవ్వితే, పెదనాయిన రాయి దించి నాలుగు దిక్కులా మన్ను తొక్కాడు. రాయికి వేపచెట్టు పక్క నలభై మూడు అడుగులు ఉన్నాయి, ఆయన ట్రాక్టరు తిరగడానికి సరిపోతుంది.